గోదారి మీద ఒక పగలు

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా! ఆ సామెత విన్నప్పుడల్లా "చేప కోసం పుస్తెలమ్ముకోవడమేమిటి, చోద్యం కాకపోతే!" అని నవ్వుకునేదాన్ని. 2017 ఆగస్టులో ఒక పగలంతా గోదావరి మీద గడిపి వచ్చాక నవ్వడం మానేశాను. ఎందుకో మీకూ చెప్పాలనిపించింది.

మాది బాగ్ లింగంపల్లి. మా అత్తగారి పుట్టిల్లు కోనసీమ. పెళ్ళయిన ఏడాదే హైదరాబాదు వచ్చేసినా ఆవిడ మనసంతా గోదారొడ్డునే. ఆ ఏడు ఆవిడ మంచం పట్టారు. అన్నం సహించడం లేదు. "ఏం తినాలనుంది అత్తయ్యా?" అని అడిగితే కాసేపు ఊరుకుని, "పులస పులుసు" అన్నారు, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ.

ఎవరో పులసేనని నమ్మబలికితే మావారు బోలెడు డబ్బు పోసి ఒక చేప తెచ్చారు. నాకు తెలిసినట్టు వండి పెట్టాను. ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగుందమ్మా. కానీ ఇది సముద్రపు ఇలస. గోదారి నీళ్ళు తాగలేదు" అన్నారు. రెండో ముద్ద ముట్టలేదు.

ఆ రాత్రే ధవళేశ్వరంలో ఉన్న నా స్నేహితురాలికి ఫోను చేశాను. నారాయణగూడ కాలేజీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. "నువ్వు రావే ముందు! నీ కళ్ళముందే వల తీయిద్దాం" అంది. మర్నాడు రాత్రి సికింద్రాబాదులో గౌతమి ఎక్కేశాను.

తెల్లారేసరికి ఇద్దరం పడవలో ఉన్నాం. గోదావరి ఎర్రగా, వడివడిగా పోతోంది. పడవ నడిపే ఆయన్ని మా స్నేహితురాలు "బాబాయ్" అంటుంది. వాళ్ళ మామగారి కాలం నుంచీ ఎరిగున్న మనిషి. ఆయన చెబితేనే నాకు అసలు సంగతి తెలిసింది. ఇలస సముద్రంలో పెరుగుతుంది. వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. మంచినీళ్ళలో ఈదుతూ వచ్చేకొద్దీ రుచి మారుతుంది. అప్పుడే దానికి పులస అని పేరు! బంగ్లాదేశ్ వాళ్ళు జాతీయ చేపగా చెప్పుకునే ఇలిష్ కూడా ఇదే.

"ఎక్కడిదాకా వెళుతుంది బాబాయ్?" అంటే బ్యారేజీ వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, అక్కడిదాకానే. ఆపైన దారి లేదమ్మా" అన్నాడు. కాటన్ దొర మొదటి ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టింది ఆ ఆనకట్టే, చేపకు అడ్డుగోడ అయిందీ ఆ ఆనకట్టే. కాస్పియన్ సముద్రంలో ఉండే స్టర్జన్ అనే పెద్ద చేప కథా ఇలాంటిదే. అదీ గుడ్ల కోసం నదులెక్కేదే. ఆనకట్టలు దారి మూశాయి, ఖరీదైన గుడ్ల కోసం వేట ఎక్కువైంది, చేప కరువైంది.

నాలుగుసార్లు వల వేశారు. నాలుగుసార్లూ ఉత్తదే. మధ్యలో వాన. ఒకే గొడుగు కింద ముడుచుకుని పులిహోర తింటూ కాలేజీ కబుర్లు చెప్పుకున్నాం. అయిదోసారి బెండ్లు అదిరాయి. వల లాగితే వెండి పళ్ళెంలా ఒక్కటే పులస! చేత్తో తీసేలోపే దాని ప్రాణం పోయింది. అయినా నాకు మాత్రం లోకాన్ని గెలిచినంత సంబరం.

రేవుకు రాగానే కొనేవాళ్ళు మూగారు. మూడు వేల దగ్గర మొదలైన పాట ఆరు వేలకు చేరింది. నా పర్సులో ఉన్నది నాలుగు వేలు. "నువ్వెంతిస్తే అంతే అమ్మా" అన్నాడు బాబాయ్. కొత్త వలకు చేసిన అప్పు ఇంకా తీరలేదని పొద్దున ఆయనే మాటల్లో అన్నాడు. నేను స్నేహితురాలి వంక చూశాను. అది నోరు మెదపలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

"పాటలోనే ఇచ్చెయ్ బాబాయ్" అన్నాను. అనేశాక కళ్ళనీళ్ళు ఆగలేదు.

చేతిలో మట్టి చట్టి పెట్టి, వండే తీరు చెప్పి రైలెక్కించింది మా స్నేహితురాలు. ఇంటికొచ్చి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చేప ఊసే ఎత్తలేదు. "ఎర్రనీరు బాగా వచ్చిందా? లంకలు మునిగాయా?" అని గంటసేపు అడుగుతూనే ఉన్నారు. మర్నాడు రాంనగర్ చేపల మార్కెట్లో బొచ్చె తెచ్చి, ఆ చట్టిలోనే వండాను. కంచం ఖాళీ చేసి, "పులస కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే బాగుంది" అన్నారు. మరుసటేడు వరదనాటికి ఆవిడ లేరు.

ఆ తీరు మీకూ చెబుతాను. చట్టిలో నూనె కాగాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించి, ఉప్పు, కారం, పసుపు, చిక్కటి చింతపండు పులుసు పోయండి. మరిగాక చేప ముక్కలు, బెండకాయలు వేసి సన్నసెగన ఉంచండి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, చట్టినే పట్టుకుని కదపాలి. రాత్రి వండి మర్నాడు తినండి.

పులస దొరకలేదని మాత్రం బెంగపెట్టుకోకండి. వడ్డించేటప్పుడు ఏ చేపో నిజం చెప్పండి, చాలు.