చియాంగ్ మాయ్ అనుకున్నా.. మార్లవాయి చేరుకున్నా!

డిసెంబరులో థాయ్‌లాండ్ వెళ్దామనుకున్నా. చియాంగ్ మాయ్ చుట్టుపక్కల కొండల్లో కరెన్, హ్మాంగ్ తెగల పల్లెల మీదుగా సైకిల్ తొక్కడం, రాత్రికి వాళ్లింట్లోనే బస. ప్యాకేజీ రేటు చూసి వెనకాడుతుంటే పక్క సీటు దోస్త్ నవ్వాడు. ‘‘నీది జమ్మికుంటనే కదా! మా గోండు గూడేలు ఎప్పుడన్నా చూసినవా?’’ ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా చూడలేదు మరి.

శనివారం తెల్లారకముందే రైలెక్కి మంచిర్యాలలో దిగా. అక్కడి నుంచి బస్సులో జన్నారం. బావ ఇంట్లో ఉన్న గేర్ల సైకిల్ తీసుకుని బయల్దేరా. ఉట్నూరు 40 కిలోమీటర్ల పైనే. కవ్వాల్ అభయారణ్యంలో రెండు పక్కలా టేకు చెట్లు. ఎత్తు మొదలయ్యేసరికి నా జిమ్ బలమంతా తేలిపోయింది. ఏటా నాగోబా జాతర ముందు మెస్రం వంశస్థులు కేస్లాపూర్ నుంచి ఈ జన్నారం దిక్కే వస్తారు. గోదావరి నీళ్ల కోసం, చెప్పుల్లేకుండా, నడిచి! అది గుర్తొచ్చాక ఆయాసం గురించి మాట్లాడటం మానేశా.

పొద్దుగూకే వేళకి జైనూర్ దాటి దోస్త్ వాళ్ల చిన్నాన్న ఇంటికి చేరా. బోర్డు లేదు, యాప్ లేదు. వేడినీళ్లు, జొన్నరొట్టె, పప్పు, మిర్చి తొక్కు, చలిమంట. వాళ్లలో వాళ్లు గోండి మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఊరికి ఒక్క పూట దూరంలో నేనే పరాయివాణ్ణి.

పొద్దున లేచి తప్పు చేశా. దూలానికి గుస్సాడీల నెమలీకల టోపీ కనిపించింది. ఫోన్ ఎత్తా. ఇంట్లో పిల్లాడు చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. సిగ్గుతో తల దించుకున్నా. పెద్దాయన మాత్రం మెల్లగా అన్నాడు. ‘‘అది మాకు దేవుని లెక్క బిడ్డా. అడిగితే చెప్తుంటి కదా! దీపావళికి దండారి ఆడేటప్పుడు రా.. అప్పుడు తీస్కో.’’

తర్వాత ఆయనే దగ్గర్లోని మార్లవాయి చూపించాడు. 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల బాధలు తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన ఆస్ట్రియా పరిశోధకుడు హైమెండార్ఫ్ ఉన్నది ఈ ఊళ్లోనే. గోండి నేర్చుకున్నాడు. టీచర్లకు ఇక్కడే శిక్షణ కేంద్రం పెట్టించాడు. 1987లో చనిపోయిన ఆయన భార్య బెట్టీ సమాధి ఇక్కడే ఉంది. ఏటా జనవరి 11న ఊరంతా వర్ధంతి జరుపుతుంది. ఎక్కడి వాళ్లో వచ్చి ఈ ఊరివాళ్లయ్యారు. నేనేమో వచ్చీ రాగానే ఫోన్ ఎత్తా!

బయల్దేరేటప్పుడు డబ్బులివ్వబోయా. పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ‘‘పైసలు ఇచ్చేదుంటే మొదలే మాట్లాడాలె. అప్పుడు కిరాయి అయితది. ఇప్పుడు నువ్వు సుట్టానివి.’’

మీరూ వెళ్తారా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. స్వెటర్ తప్పనిసరి. కవ్వాల్ రోడ్డుని వెలుతురుండగానే దాటేయండి. తెలిసినవాళ్ల ద్వారా ముందే చెప్పి వెళ్లండి. బసకి ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి. ఫోన్ ఎత్తే ముందు ఒక్కసారి అడగండి.

నా గ్యాలరీలో ఆ టోపీ ఫొటో లేదు. దీపావళికి సెలవు మాత్రం పెట్టేశా.