ఫ్లిమ్సీ అంటే ఏమిటి, అయ్యగారూ?

‘ఫ్లిమ్సీ’ అనే మాట ఇంగ్లీషు బైబిలు చదివేవారికి కూడా కొత్తగానే ఉంటుంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో అది లేదు. 18వ శతాబ్దపు మొదట్లో గాని ఆ మాట వ్రాతల్లోకి రాలేదు. పట్టుకుంటే చిరిగేటట్లున్న బట్టకు, కాగితానికి ముందుగా దానిని వాడతారు. టైపు మిషన్ల కాలములో కార్బను క్రింద నకలు కోసము పెట్టే పలుచని కాగితానికి ఆఫీసులలో ‘ఫ్లిమ్సీ’ అనే పేరు కూడా ఉండేది.

రామచంద్రపురంలో మా సంఘ సహోదరుడొకరు, కౌలు రైతు, కుమారుని కాలేజీ నుండి వచ్చిన ఉత్తరము పట్టుకొని మా ఇంటికి వచ్చారు. కోతల వారములో రాకపోవడానికి కుర్రవాడు చెప్పిన కారణము ఫ్లిమ్సీగా ఉన్నదట, హాజరు ఇవ్వరట. హాజరు లేకపోతే పరీక్ష లేదు. “నిఘంటువులో పల్చని అని ఉందండి. మావోడు పల్చటి కాగితం మీద రాశాడనా అయ్యగారూ?” అని ఆయన నిజముగానే అడిగారు.

నిఘంటువు తప్పు చెప్పలేదు. మన భాషలో బట్ట పలుచన, కర్రకు చేవ లేదు, వాదనకు పస లేదు, సాకు అయితే కుంటిసాకు అంటాము. ఇంగ్లీషువారికి అన్నిటికీ ఆ ఒక్క మాట చాలును. అయితే బట్టను అంటే బట్టకే తగులుతుంది, కారణమును అంటే చెప్పిన మనిషికి తగులుతుంది. అబద్ధమని అనకుండానే నమ్మలేదని చెప్పడమన్న మాట.

లూకా 14వ అధ్యాయములో విందుకు రాని వారిలో ఒకడు పొలము కొన్న తరువాత చూడబోతున్నానంటాడు. చూడకుండా పొలము కొనేవాడు మన డెల్టాలో ఎవడు? అది అచ్చమైన కుంటిసాకు. కాని వానకు పడిపోయిన చేను నాలుగు రోజులు నీటిలో ఉంటే కంకికే మొలకలు వస్తాయి. ఆ వారములో ఇంట ఉన్న ప్రతి చెయ్యీ కొడవలి పట్టవలసిందే. కుర్రవాడు “ఇంటి పని” అని మాత్రమే వ్రాశాడు. మేము కూర్చుండబెట్టి ఎన్ని ఎకరాలో, వాన ఏ తేదీన పడిందో, కూలీలు ఎందుకు దొరకలేదో వ్రాయించాము. జవాబు ఇంకా రాలేదు.

తాటాకు ఇళ్లను కూడా ఈ మాటతోనే వర్ణిస్తారు. అది మాకు సగమే ఒప్పుదల. ఇంగ్లీషులో ఆ మాట అంటే చేసినవాడు నాసిగా చేశాడనే వాసన వస్తుంది. తాటి దూలాలు వేసి, ఒత్తుగా ఆకు నేసిన పాకలో ఆ నాసితనము ఉండదు, పేదరికమే ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయినప్పుడు మేము బడి పిల్లలము. పాకలు ఎగిరిపోయిన మాట నిజమే. ఆ రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు కూడా తోటలకు తోటలు కూలాయి. వాటిని ఫ్లిమ్సీ అన్నవారిని మేము చూడలేదు.