పగ తీర్చుకోకపోతే పిరికితనమా?



కొడితే తిరిగి కొట్టాలి, లేకపోతే పిరికిది అంటారు. ఈ మాట మనం చాలాసార్లు వింటాం. కుళాయి దగ్గర బకెట్టు తోసేస్తే ఇదే మాట. దుప్పటి మీద నీళ్లు పోస్తే ఇదే మాట. ఒక్కొక్క తగాదా రెండు రూములకు పాకి నెల రోజులు నడుస్తుంది. మరి పగ తీర్చుకోనివాళ్లు నిజంగా పిరికివాళ్లేనా? ఈసారి గోడపత్రికలో దీని గురించి రాయాలనుకొన్నాను. మాది క్రైస్తవ కుటుంబం, అందుకని నాకు తెలిసిన వైపు నుండి రాస్తున్నాను. మనలో కొండదేవతను కొలిచేవారు ఉన్నారు, వేరే దేవుళ్లకు మొక్కేవారు ఉన్నారు. ఎవరినీ మార్చడానికి ఇది రాయడం లేదు.

ఇది మన పక్క రాష్ట్రం ఒడిశాలో నేను పుట్టకముందు జరిగినది. ఆదివారం బడిలో విన్నాను. గ్రాహం స్టెయిన్స్ గారిది ఆస్ట్రేలియా దేశం. ఆయన 1965లో ఇక్కడికి వచ్చి మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠు రోగులకు సేవ చేసినారు. ఆయన భార్య పేరు గ్లాడిస్ గారు. వాళ్లకు ఎస్తేరు అని ఒక కూతురు, ఫిలిప్, తిమోతి అని ఇద్దరు కొడుకులు. 1999 జనవరి 22 రాత్రి తండ్రీ కొడుకులు ముగ్గురూ కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ అనే ఊరిలో ఉన్నారు. అది సంతాలులు ఉండే చోటు, మనలాంటి ఆదివాసులే. చలిగా ఉందని ముగ్గురూ బండిలోనే పడుకొన్నారు. అర్ధరాత్రి దాటాక ఒక గుంపు వచ్చి ఆ బండికి నిప్పు పెట్టింది. ముగ్గురూ కాలిపోయినారు. ఫిలిప్‌కు 10 ఏళ్లు, తిమోతికి 6 ఏళ్లు.

ఆ వార్త విన్న గ్లాడిస్ గారు ఏమన్నారో తెలుసా? తనకు వాళ్ల మీద కోపం లేదని, క్షమించానని చెప్పినారు. ఎస్తేరుకు అప్పుడు 13 ఏళ్లు. నాకిప్పుడు 14. మా తమ్ముడికి ఆరేళ్లు. ఈ లెక్క వేసుకొన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా తమ్ముడికి అలా జరిగితే నేను ఆ మాట అనగలనా అని చాలాసేపు ఆలోచించాను. జవాబు దొరకలేదు.

గ్లాడిస్ గారు ఆ మాట చెప్పి మరునాడే దేశం విడిచి వెళ్లిపోలేదు. బారిపదలోనే ఉండి రోగుల సేవ చేసినారు. 2004లో అక్కడ ఆయన పేరు మీద కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలైంది. ఆ సంవత్సరమే ఆమె ఆస్ట్రేలియా వెళ్లినారు. 2005లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆమె క్షమించింది కదా అని కేసు ఆగిపోలేదు. 2003లో కోర్టు ముఖ్యమైన దోషికి మరణశిక్ష వేసింది. 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చింది. 2011లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అంటే క్షమించడం ఆమె మనసు పని, తీర్పు చెప్పడం కోర్టు పని. రెండూ వేరు వేరు.

బైబిలులో దావీదు కథ కూడా ఇలాగే ఉంటుంది. సౌలు రాజు 3000 మందిని వెంటబెట్టుకొని దావీదును చంపడానికి వెతుకుతాడు. చివరికి దావీదు దాక్కొన్న గుహలోకే ఒంటరిగా వస్తాడు. చంపేయమని పక్కనున్నవాళ్లు అన్నారు. దావీదు చంపలేదు. రాజు బట్ట చెంగు మాత్రం కోసి ఉంచాడు. తరువాత బయటికి వచ్చి, ఆ ముక్క చూపించి, నేను నీకేమి కీడు చేశాను అని అందరూ వినేలా గట్టిగా అడిగాడు. చంపలేదు, కాని నోరు మూసుకొని కూడా ఉండలేదు. నాకు ఈ కథలో ఇదే బాగా నచ్చింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించి ఉన్నాయి. పోయిన ఏడాది వేసవి సెలవుల్లో, హద్దు తగాదా మీద, ఒకాయన రాత్రిపూట వచ్చి నలభై తీగలు మొదలంటా నరికేశాడు. నాలుగేళ్లు పెంచినవి, అప్పుడే కాపుకొచ్చాయి. మా అమ్మ తీగలు పట్టుకొని ఏడ్చింది. ఆయన మడి మా మడికి కింద ఉంది. గెడ్డ నీళ్లు మా గట్టు దాటితేనే ఆయనకు అందుతాయి. మా అన్నయ్య, "వానలు పడనీ, గట్టు కట్టేస్తాను. ఒక్క చుక్క దిగనివ్వను" అన్నాడు.

మా అయ్యకు చదువు రాదు. మా ఇంట్లో హైస్కూలు దాకా వచ్చినదాన్ని నేనే మొదట. అందుకని రాత్రి బైబిలు నేనే చదివి, కువి భాషలో చెప్తాను. ఆ రోజు రోమా పత్రిక 12వ అధ్యాయం చదవమన్నాడు. పగ తీర్చుకోవడం మన పని కాదని, శత్రువు ఆకలిగా ఉంటే అన్నం పెట్టాలని, దాహంగా ఉంటే నీళ్లివ్వాలని అందులో ఉంది. అన్నయ్యకు కోపం వచ్చింది. "మనిషికి దాహం అన్నాడు గాని మడికి అన్నాడేటి?" అన్నాడు. మా అయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మడి ఎండితే మనిషికి ఆకలి కాదేటిరా?" అన్నాడు. అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. మరి గట్టు జోలికి పోలేదు.

కాని మా అయ్య ఊరుకోలేదు. నరికిన తీగలు మోసుకెళ్లి ఊరి పెద్దల ముందు పెట్టాడు. పెద్దలు నష్టం కట్టమని తీర్పు చెప్పారు. ఆయన సగమే కట్టాడు, మిగతాది ఇంకా ఇవ్వలేదు. మా గడప కూడా తొక్కలేదు. దసరా సెలవులకు నేను వెళ్లేసరికి రెండు మడులూ ఒకేలా పచ్చగా ఉన్నాయి. ఆయన మడి చూస్తే నాకు కోపం వచ్చింది. కోపం రాకుండా ఉండడం నాకింకా రాలేదు. కాని నీళ్లు ఆపకపోవడం మంచిదే అనిపించింది. ఆ మడి అన్నం తినేది ఆయన ఒక్కడే కాదు, ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఇది. పగ తీర్చుకోకపోవడం పిరికితనం కాదు. చేతిలో గట్టు ఉండి కూడా నీళ్లు వదలాలంటే ధైర్యం కావాలి. అట్లని అన్యాయం జరిగితే దాచుకోవాలని కూడా కాదు. ఎవరైనా మనల్ని కొట్టినా, మన వస్తువు తీసినా, చెడ్డగా మాట్లాడినా మేడమ్ గారికి చెప్పాలి. చెప్పడం పగ కాదు, చాడీ కూడా కాదు.

చివరిగా మేడమ్ గార్లకు ఒక మనవి. దేశంలో కోర్టు ఉంది, ఊరిలో పెద్దలు ఉన్నారు. హాస్టల్లో మాకు మీరే ఉన్నారు. ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు, చిన్న విషయమైనా, దయచేసి కూర్చోబెట్టి వినండి. వినేవాళ్లు ఉంటే చెయ్యి ఎత్తకుండా ఉండడం మాకు సులువు అవుతుంది.

— 9వ తరగతి విద్యార్థిని