రండి, కూర్చోండి, రుచి చూడండి

బెర్లిన్ మెట్రోలో తలుపులు పడబోయే ముందు స్పీకరులో ఒక మాట వస్తుంది: "త్సురుక్‌బ్లైబెన్, బిట్టె!" దయచేసి వెనక్కి ఉండమని. అందులో నువ్వూ లేదు, మీరూ లేదు. క్రియ మూలరూపం, దాని వెంట ఒక 'బిట్టె', అంతే. దుకాణాల తలుపుల మీద 'త్సీయెన్', 'డ్రూకెన్' అన్న రాతలూ అంతే. లాగాలి, తొయ్యాలి. అందరికీ చెప్పే మాట గనక పిలుపుతో పని లేదు.

మనిషి ఎదురుగా ఉంటే మాత్రం పద్ధతి వేరు. రొట్టెల కొట్లో నా ముందున్న పెద్దావిడ "గేబెన్ జీ మియా బిట్టె త్స్వై ష్రిప్పెన్" అంది. రెండు బన్నులు ఇవ్వండి అని. క్రియ పక్కనే 'జీ', అంటే మీరు. ఆజ్ఞాపించేటప్పుడు కూడా దాన్ని వదలరు. ఇంగ్లీషు చదువు వల్ల నేను 'ఇవ్వగలరా' అంటూ ఎక్కడెక్కడో తిరిగి అడగడానికి వాక్యం కూర్చుకుంటున్నాను. కిరాణాకొట్లో కిలో కందిపప్పు ఇవ్వండి అనడానికి మనమెప్పుడైనా ఇంత తంటాలు పడ్డామా? నా వంతు రాగానే నేనూ 'గేబెన్ జీ' అనేశాను.

అక్కణ్ణుంచి మ్యూనిక్‌కి. 2017 డిసెంబరులో ఎర్ఫుర్ట్ మీదుగా కొత్త మార్గం పూర్తయ్యాక, వేగంగా పోయే రైళ్లలో ఆరు గంటల పైచిలుకు ప్రయాణం నాలుగు గంటలకు తగ్గింది. ఎదురు సీట్లో ఒకామె ఇద్దరు పిల్లలతో ఉంది. చిన్నవాణ్ణి పిలిస్తే 'కొమ్', ఇద్దర్నీ పిలిస్తే 'కొమ్ట్'. టికెట్లు చూసే ఆయనతో మళ్లీ 'జీ'. మనకు నలుగురికైనా, పెద్దమనిషి ఒక్కడికైనా 'రండి' ఒకటే. వీళ్లకు రెండూ వేరు. చిన్నవాడి చేతిలో ఫోను కావాల్సి వచ్చినప్పుడు ఆమె "గిబ్ మాల్ హేర్" అంది. ఆ 'మాల్' లేకపోతే గద్దింపు. ఉంటే 'ఏదీ, ఒకసారి ఇటివ్వు'.

మ్యూనిక్‌లో మా మేనకోడలు ఇంగ్లీషు గార్డెన్‌లోని చైనా గోపురం దగ్గరికి, బీరు తోటకు తీసుకెళ్లింది, పులిహోర డబ్బాతో సహా. బయటి తిండి ఎవరూ వద్దనరు. 1812లో బవేరియా రాజు ఒకటవ మాక్సిమిలియన్ ఈ తోటల్లో బీరు, రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదన్నాడు. జనం ఎవరి తిండి వాళ్లు తెచ్చుకున్నారు. అమ్మకాలు వచ్చినా ఆ అలవాటు పోలేదు. బీరు మాత్రం అక్కడే కొనాలి.

చోటు కోసం చూస్తుంటే బల్ల చివరున్న పెద్దాయన కాస్త జరిగి, "హాక్ డి హేర్" అన్నాడు. వచ్చి కూర్చోమని, అదీ నువ్వు అంటూ, బవేరియా యాసలో.

"నేను కూడా నువ్వు అనొచ్చా?" అని అడిగాను.

"పెద్దవాళ్లే ముందు అనాలి మావయ్యా. ఆయన అనేశాడుగా, ఇంక నీ ఇష్టం."

అయినా నోరు రాలేదు. పులిహోర ముందుకు జరిపి, "ప్రొబీరెన్ జీ మాల్" అన్నాను. ఆయన ఒక ముద్ద తిని, ఎండుమిరపకాయ పక్కన పెట్టి, తన ఉప్పు ముల్లంగి ముక్కలు నావైపు తోశాడు: "నిమ్, నిమ్!" రెండు ముక్కలు తిన్నాక నాకూ ధైర్యం వచ్చింది. "నిమ్ డోఖ్ నోఖ్ వాస్" అన్నాను, ఇంకాస్త వేసుకో అని. ఆయన వేసుకున్నాడు. డబ్బా అడుగున వేరుశనగ గుళ్లు మా మేనకోడలికి మిగిలాయి.