చీనీ తోట, యుద్ధ విమానాలు

బెంగళూరులో నేను పనిచేసిన ఆటల కంపెనీ మా బృందం మొత్తాన్నీ ఒకేసారి ఇంటికి పంపింది. 2023లో అనంతపురం జిల్లాలోని మా ఊరు రాయదుర్గం వచ్చేశాను. దాచుకున్న డబ్బు కొంత, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్, సగం కూడా కాని ఒక ఆట వెంట తెచ్చుకున్నాను. ఆకాశంలో విమానాలు తరుముకుంటూ కాల్చుకునే ఆట. దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇది ప్రకటన అయిపోతుంది. దాన్ని పూర్తిచేసి జనం ముందు పెట్టేదాకా పడిన పాట్లు, విమానం ఆట ముఖం చూడనివాళ్లకు దాన్ని నేర్పబోయి తెలుసుకున్న సంగతులు మాత్రం చెబుతాను.

ఇలాంటి ఆటలు ఒకప్పుడు పెద్ద కంపెనీల సొత్తు. జపాన్‌లో నామ్‌కో 1995లో మొదలుపెట్టిన ఏస్ కాంబాట్ వరసనే అందరూ ఆడేవాళ్లు. చిన్నవాళ్లు కూడా ఆ పని చేయగలరని నాకు నమ్మకం కలిగించింది ప్రాజెక్ట్ వింగ్‌మన్. అబి రహ్మానీ నడిపిన సెక్టర్ డి2 అనే చిన్న బృందం 2018లో కిక్‌స్టార్టర్‌లో చందాలు పోగుచేసి, 2020 డిసెంబర్ 1న దాన్ని విడుదల చేసింది. వాళ్లు వాడిన అన్‌రియల్ ఇంజిన్‌ను నా కంప్యూటర్ మోయలేదు. అందుకే గొడో అనే ఉచిత ఇంజిన్ పట్టుకున్నాను. దాని నాలుగో వెర్షన్ 2023 మార్చిలోనే వచ్చింది. విమానాలకు అసలు పేర్లు పెట్టలేదు. ఆటలో నిజమైన హెలికాప్టర్లను చూపించే హక్కు గురించి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, టెక్స్‌ట్రాన్ కంపెనీలు 2012లో అమెరికా కోర్టుకెక్కాయి. వాళ్లకు లాయర్లున్నారు, నాకెవరున్నారు?

ఆటలో కనిపించే నేలను మాత్రం ఊహించాల్సిన పని పడలేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు గాలికి పొలాల మీదికి జరుగుతుంటాయి. ఫొటో చూసినవాళ్లు రాజస్థాన్ అనుకుంటారు. బెళుగుప్ప గుట్టల మీద గాలిమరలు. సరిహద్దు దాటితే కర్ణాటకలో చళ్లకెరె దగ్గర డీఆర్‌డీవో వాళ్ల విమాన పరీక్షా క్షేత్రం. 2019 సెప్టెంబర్‌లో రుస్తుం-2 డ్రోన్ ఆ తాలూకా పొలాల్లోనే కూలింది. నా మొదటి మిషన్‌లో దిబ్బల మీదుగా వచ్చి గాలిమరల మధ్య నుంచి దూరిపోవాలి.

నాది మిద్దె మీద రేకుల గది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట అందులో మనిషే కూర్చోలేడు, ఇక గ్రాఫిక్స్ కార్డు ఎట్లా తట్టుకుంటుంది? కాసేపు ఆట నడిపితే వేడెక్కి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయేది. రేకుల మీద గోనెపట్టాలు పరిచి నీళ్లు చల్లేవాణ్ణి. కుళాయి రోజూ రాని వీధిలో ఆ పని చేయడానికి మొండితనం కావాలి. "మనుషులకే నీళ్లు లేవు, రేకులకు పోస్తాండావా?" అని అమ్మ బిందె లాక్కుంది. ఆ తర్వాత పగలు పడుకుని, రాత్రి భోంచేశాక మొదలుపెట్టి తెల్లవారేదాకా పనిచేయడం అలవాటు చేసుకున్నాను. అయితే రాత్రి వోల్టేజీ నిలకడగా ఉండదు. స్టెబిలైజర్ టకటకమని కొట్టుకుంటూనే ఉండేది. ఒక రాత్రి కాలిన వాసన వచ్చి తెర నల్లబడింది. బళ్లారిలో బాగుచేసే ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఏమీ మిగల్లేదప్పా" అని చేతిలో పెట్టాడు.

కొత్త కార్డు కొనేలోపే తోటలో బోరు ఎండింది. మాది చీనీ (బత్తాయి) తోట. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. వేరుశనగ ఒక ఏడు పోతే మరుసటి ఏడు మళ్లీ విత్తుకోవచ్చు. చీనీ చెట్టు సరిగా కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. అట్లా పెంచిన చెట్టును ఎండాకాలం నీళ్లు లేకుండా వదిలేస్తే కట్టెలకే పనికొస్తుంది. నాయన నన్ను డబ్బు అడగలేదు. అడిగి ఉంటే లేదని చెప్పడం సులభమయ్యేదేమో. అన్నం తింటూ, "ఇంగొక పాయింటు చూపిద్దామనుకుంటాండా" అన్నాడు. అంతే.

కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ల జాడ కోసం చేను తిరిగే పెద్దాయన వచ్చాడు. కాయ లేచి నిలబడిన చోట రాయి పెట్టించాడు. నాకు దాని మీద నమ్మకం లేదు. కానీ మిషన్‌తో పరీక్ష చేయించి వేసిన పక్క చేని బోరు కూడా ఎండిపోయే ఉంది, ఇక నేను వాదించడానికేముంది? బోరు బండి పొద్దుగూకాక వచ్చింది. మూడు వందల అడుగుల దగ్గర కాస్త తడి మట్టి పడింది. గట్టు మీద కూర్చున్నవాళ్లంతా లేచారు. ఆ తర్వాత రాతి పిండే. ఒంటినిండా, కళ్లలో, నీళ్ల చెంబులో కూడా తెల్లటి పిండి. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. ఐదు వందలు దాటాక బండివాడు ప్రతి రాడ్డుకూ ఆగి, "వేద్దామా?" అని అడుగుతాడు. నాయన నా వైపు చూశాడు. వేయమన్నాను. ఆరు వందల యాభై దగ్గర నాయనే చెయ్యెత్తి ఆపించాడు. ఆటలో బొమ్మలకూ సంగీతానికీ దాచిన డబ్బు అక్కడితో అయిపోయింది, మిగతాదానికి అప్పు చేశాం. ట్యాంకర్లు తోలించి కొన్ని చెట్లను బతికించుకున్నాం. మిగతావాటిని ఆ చలికాలం కొట్టేశాం.

బెంగళూరు స్నేహితుల పనులు ఇంటి నుంచి చేసిపెట్టి, పాత కార్డు ఒకటి కొన్నాను. ఆటలో సంగీతం ఉండదని నిర్ణయించుకున్నాను. ఇంజిన్ మోత, గాలి మోత చాలు. ఆడినవాళ్లు ఇప్పుడు దాన్నే మెచ్చుకుంటున్నారు, అది కళ అనుకుంటున్నారు.

ఆడించి చూడటానికి మా వీధి పిల్లలే దొరికారు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్లు చాలా ఉన్నాయి. అక్కడ పని ముగించుకుని వచ్చేవాళ్లు. ఫోన్లో తుపాకుల ఆటలు బాగా ఆడతారు, విమానం మాత్రం తెలియదు. మొదట కూర్చున్నవాడు నేలను గుద్దాడు. రెండోవాడూ అంతే. "అన్నా, పైకంటే కిందికి పోతాంది!" విమానంలో స్టిక్ వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుంది. విమానం ఆటలు ఆడినవాళ్లకు అది మామూలు, వీళ్లకు వింత. అందుకే ఆట మొదలవగానే పైకి చూడమని అడిగి, వాళ్లు ఎటు నొక్కితే అటే పైదిక్కుగా అమరేటట్లు మార్చాను. 2001 నాటి హేలోలో ఉన్న ఉపాయమే ఇది. ఇలాంటి ఆట మీరు ఏది కొన్నా ముందు సెట్టింగుల్లో ఈ ఒక్కటి చూసుకోండి. సగం చావులు అక్కడే ఆగుతాయి.

వాళ్లలో ఎవరూ థ్రాటిల్ తగ్గించేవాళ్లు కాదు. శత్రువు పక్కకు తిరిగితే వీళ్లు నిండు వేగంతో వాణ్ణి దాటి ఎక్కడికో పోయేవాళ్లు. అంతే బలంతో తిరిగినప్పుడు వేగం రెట్టింపైతే మలుపు వ్యాసార్థం నాలుగింతలవుతుంది. కాబట్టి మలుపుకు ముందు వేగం తగ్గించాలి. మరీ తగ్గిస్తే రెక్కలకు గాలి పట్టు పోతుంది, దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు భయంతో ఇంకా పైకి లాగుతారు. లాగకూడదు. ముక్కును కిందికి పడనిచ్చి, వేగం అందుకున్నాక ఎత్తాలి. ఇది చెప్పి నేర్పలేకపోయాను. రెండో మిషన్‌లో పోరాటమేమీ లేకుండా ఎత్తులో వదిలేసి, స్టాల్ చేసి బయటపడమని పెట్టాక వచ్చింది.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. అమెరికా వైమానిక దళంలో జాన్ బాయిడ్, గణిత నిపుణుడు థామస్ క్రిస్టీతో కలిసి 1960లలో లెక్కగట్టింది ఎత్తును వేగానికి, వేగాన్ని ఎత్తుకు మార్చుకునే ఈ శక్తి లావాదేవీనే. ఆ లెక్కలు మా పిల్లలకు చెప్పలేను కదా. ఎత్తు చెరువులో నిలవ నీళ్ల లాంటిదన్నాను. తూము ఎత్తితే వేగంగా పారుతుంది, మళ్లీ నిండాలంటే కాలం పడుతుంది. ఆ మాట అన్నాక ఎవడూ ఊరికే కిందికి దిగలేదు. క్షిపణి వస్తున్నప్పుడు మాత్రం నేరుగా పారిపోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. దానికి అడ్డంగా తిరగాలి, దగ్గరికొచ్చాక దాన్ని దారి తప్పించే ఫ్లేర్లు వదలాలి. దూరంగా ఉండగానే అన్నీ వదిలేస్తే అసలు అవసరానికి మిగలవు.

ఇంత చాదస్తం ఎందుకంటే, నేను ఆటను అమ్మకానికి పెట్టిన ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రెండు గంటలకన్నా తక్కువ ఆడి, కొన్న 14 రోజుల్లోపు అడిగితే డబ్బు వెనక్కిస్తారు. కొనేవాడికి అది న్యాయమే. నాలాంటివాడికి మాత్రం మొదటి పది నిమిషాల్లో నేలను గుద్దిన ప్రతివాడూ పోయిన అమ్మకమే. అమ్మిన దాంట్లో 30 శాతం స్టీమ్‌ది. ఆటను చేర్చడానికి ముందే 100 డాలర్లు కట్టాలి, అవి వెయ్యి డాలర్ల రాబడి దాటాకే తిరిగొస్తాయి. కట్టాక 30 రోజులు ఆగాలి. 'త్వరలో' అన్న పేజీ కనీసం రెండు వారాలు జనానికి కనిపించాలి. ఇవన్నీ ముందే తెలుసుకుని తేదీ పెట్టుకోండి.

నా తేదీ 2025 మేలో పడింది. రాత్రి పదిన్నరకు విడుదల, కాలిఫోర్నియాలో అప్పుడు పొద్దున పది. తొమ్మిదింటికే గాలి లేచింది. రేకులు ఎగిరిపోతాయేమోనని నాయన, నేను రాళ్లు ఎత్తిపెట్టాం. నాలుగు చినుకులు పడి కరెంటు పోయింది. చిన్నాయన కొడుకు ల్యాప్‌టాప్ తెచ్చి, ఫోన్ హాట్‌స్పాట్‌తో పేజీ తెరిస్తే తెరుచుకోదు. మిద్దె మూలకు పోయి నిలబడితే సిగ్నల్ ఒక గీత వచ్చింది. పదకొండు దాటాక బటన్ పడింది. పొద్దునకల్లా మొదటి సమీక్ష వచ్చింది: మలుపులు తిరగడం కష్టమని, డబ్బు వెనక్కి తీసుకున్నానని. పది సమీక్షలు వస్తే గానీ ఆట పక్కన సగటు అభిప్రాయం కనిపించదు. ఆ పది చేరడానికి వారాలు పట్టింది.

డబ్బు రావడం ఇంకో తంటా. విదేశీ చెల్లింపుకు స్విఫ్ట్ కోడ్ అడుగుతారు. మా బ్యాంకు శాఖకు అది లేదు. "ఆటలకు డాలర్లు యాల ఇస్తారు?" అని అడిగారు. చివరికి జిల్లా కేంద్రంలోని పెద్ద శాఖ కోడ్ పెడితే గానీ పని కాలేదు. వచ్చిన మొదటి మొత్తంతో ట్యాంకర్ల బాకీ తీరింది, బోరు అప్పు తీరలేదు.

ప్రస్తుతం రెండో అప్‌డేట్ మీద ఉన్నాను. అందులో గేమ్‌ప్యాడ్ అమరికలు సరిచేస్తున్నాను, తెలుగు సూచనలు కలుపుతున్నాను. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలో సెకనుకు 30 ఫ్రేములతో నడిచే పద్ధతి కూడా ఉంటుంది, ఎందుకంటే మా పిల్లల దగ్గర ఉన్నవి అవే. ఇసుక దిబ్బల నీడలు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. గాలిమరల రెక్కలు ఇంకా తడబడుతున్నాయి.