పేరు పెట్టుట కారణము చెప్పుట కాదు

మా చిన్నవాడు చదువడు. ఏల చదువడని యెవ్వరడిగినను, "వాడు సోమరి" యని నేనే ముందుగా బదులు చెప్పుచుంటిని. ఒకనాడొక మిత్రుడు, "సోమరి యని నీకెట్లు తెలిసినది?" అనెను. "చదువడు గనుక" నంటిని. "ఏల చదువడు?" "సోమరి గనుక." ఆయన నవ్వెను. గానుగెద్దువలె తిరిగిన చోటనే తిరుగుచుంటినని నాకప్పుడు తెలిసినది.

అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నరు (1904-1990) ఈ చిక్కును విప్పుటకే పూనుకొనెను. ఆయనకు ముందు 1913లో జాన్ వాట్సను, పైకి కానవచ్చు ప్రవర్తనమే మనశ్శాస్త్రమునకు విషయమని వాదించెను. స్కిన్నరు తలపును, నొప్పిని త్రోసివేయలేదు. అవియు జీవికి సంభవించునవే గనుక, వానికిని కారణములు వెదకవలయునని 1945 నాటి వ్యాసమున చెప్పెను. లోపలనొక చిన్న యజమానిని కూర్చుండబెట్టి భారమంతయు వానిపై మోపుటను మాత్ర మంగీకరింపలేదు. అది విచారణను ముగించునే గాని సాగింపదు. ఒక పని చేసిన పిమ్మట కలుగు ఫలమే, ఆ పని మరల జరుగుటకో, అణగుటకో హేతువగునని యాయన సిద్ధాంతము.

ఇది చదివిన పిమ్మట వారము దినములు నన్ను నేనే కనిపెట్టుకొంటిని. బాలుడు పుస్తకము పట్టుకొని మూల కూర్చున్నప్పుడు నేను పత్రిక చూచుకొనుచుంటిని. పుస్తకము విసరినప్పుడు పత్రిక దింపి వానితో మాటలాడుచుంటిని, తిట్టుటకే యైనను. తండ్రి ముఖము చూడగోరు బిడ్డకు నేనేమి నేర్పుచుంటినో వేరుగా చెప్పనేల? మరునాటినుండి వాడు పుస్తకము తెరచినంతనే ప్రక్కకు పోయి కూర్చుంటిని. వాడు పండితుడాయెనని చెప్పను. పుస్తకము తెచ్చి నాయొద్ద కూర్చుండుట మాత్ర మలవడినది.

అట్లయిన మానవునకు స్వాతంత్ర్యమే లేదా? 1971లో స్కిన్నరు 'బియాండ్ ఫ్రీడమ్ అండ్ డిగ్నిటీ' ప్రకటించినపుడు పలువు రిట్లే యాక్షేపించిరి. ఆ సందేహము నాకును పూర్తిగా తీరలేదు. బిడ్డ తప్పు పరిస్థితులదే యైనచో, నా తప్పును పరిస్థితులదే యని తప్పించుకొనవచ్చును గదా? కాని వాని పరిస్థితులలో పెద్ద పాలు నేనే. ఈ సంగతి తెలిసిన పిమ్మట నా పూచీ పెరిగినదే గాని తరుగలేదు.

సోమరి, మొద్దు, గయ్యాళి: మన యిండ్లలో బిడ్డలకును, కోడండ్రకును, పనివారికిని ఎంత సులువుగా నీ పేర్లు పెట్టుచున్నాము! ఇకమీద నట్టి పేరొకటి నోటికి వచ్చినప్పుడు, ఆ మనిషి చేసిన మంచి పనిని మనమెన్నడైన గమనించితిమా యని ముందుగా విచారించుకొందము.