ఆరు నెలల తర్వాత వచ్చే ఫోన్



నేను కౌలాలంపూర్‌లో నర్సుని. తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన వాళ్లకు ఆరు నెలలకీ, ఏడాదికీ ఫోన్ చేసి ఎలా ఉన్నారో రాసుకోవడం నా పనిలో ఒక భాగం. ఇక్కడ వీళ్లలో ఎక్కువమంది మోటారుసైకిల్ మీద వెళ్తూ పడ్డవాళ్లే. తెలుగు ఇళ్లలో ఫోన్ తీసేది భార్యో, అమ్మో. "ఎలా ఉన్నాడమ్మా?" అంటే "దేవుడి దయవల్ల బాగానే ఉన్నాడు" అంటారు.

ఆ "బాగానే" రాసుకోవడానికి మా ఫారంలో గడి లేదు. చనిపోవడం నుంచి పూర్తిగా కోలుకోవడం దాకా అందులో 8 మెట్లుంటాయి. గ్లాస్గో ఔట్‌కమ్ స్కేల్ అని 1975లో వచ్చినదాన్నే తర్వాత ఇలా పెంచారు. అందుకే విడమరచి అడుగుతాను. ఇంట్లో ఒక్కణ్ణే వదిలి మీరు ఎనిమిది గంటలు బయటికి వెళ్లగలరా? పసార్ మాలంలో సరుకులు తనే కొని, చిల్లర సరిచూసుకుని రాగలడా? మునుపటి పనికే వెళ్తున్నాడా? కోపం ఎక్కువైందా? దెబ్బకు ముందు కూడా అలాగే ఉండేవాడా? అప్పుడు కాసేపు మాట ఉండదు. తర్వాత మెల్లగా, "పిల్లలు నాన్న దగ్గరికి పోవట్లేదండీ" అంటారు. స్కానింగులో కనపడనిది అదే.

ఇదంతా ఎందుకంటారా? మందులకు మెదడులో ఒత్తిడి దిగనప్పుడు పుర్రె ఎముక కొంత తీసే ఆపరేషన్ ఉంది. దానిమీద 20 దేశాల్లో 408 మందితో చేసిన రెస్క్యూ ఐసీపీ పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల నాటికి మందులతోనే చూసినవాళ్లలో సుమారు 49 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 27 శాతం చనిపోయారు. కానీ ఆపరేషన్ వైపు స్పృహలోకి రానివాళ్లూ, ఒకరి సాయం లేనిదే గడవనివాళ్లూ ఎక్కువగా తేలారు. అక్కడితో ఆపలేదు, రెండేళ్లదాకా అడిగారు. ఆపరేషన్ అయినవాళ్లు ఆ తర్వాత కూడా మెరుగయ్యే అవకాశం ఎక్కువని 2022లో తెలిసింది. ఇళ్లలోవాళ్లు ఓపిగ్గా జవాబులు చెప్పబట్టే ఆ సంగతి బయటపడింది.

కోలుకున్నవాడు పనిలో పడి ఫోన్ ఎత్తడు. ఊరెళ్లిపోయినవాడి మలేషియా నంబర్ పనిచేయదు. అలాంటివాళ్లు జారిపోతే లెక్క తప్పుతుంది. అందుకని డిశ్చార్జి రోజున శ్రీకాకుళమో, కరీంనగరో, ఊళ్లో ఉన్నవాళ్ల నంబర్ కూడా ఒకటి ఇవ్వండి. పరిశోధన వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు, వైద్యం ఆగదు. చెప్పేటప్పుడు మాత్రం పరువుకోసం దాచకండి.

మీ గ్రూపులో ఇలాంటి ఇల్లు ఏదైనా ఉంటే ఈ మాట వాళ్లకు చేరవేయండి.